నోటితో చెప్పే పిల్లాడికి పెన్ను ఎందుకు ఎదురుతిరుగుతుంది?

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. పాఠం చదివి వినిపిస్తే ఒక్కసారికే పట్టేస్తాడు, రాయమంటే అక్షరాలన్నీ తారుమారు. డిస్లెక్సియా అని డాక్టరు తేల్చారు. స్కూల్లో చెబితే, ‘టెన్త్‌లో స్క్రైబ్‌ని (పిల్లాడు చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) ఇస్తారులెండి, అప్పటిదాకా ఇంట్లో బాగా రాయించండి’ అన్నారు. సర్టిఫికెట్ తీసుకుంటే రేపు ఇంజినీరింగ్‌కు అడ్డమవుతుందని మావారి టెన్షన్. ఏం చేయమంటారు? – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీవారి సంగతి తేల్చేద్దాం. సర్టిఫికెట్ అడ్డం కాదు, అది లేకపోతేనే చిక్కు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి అభ్యసన సమస్యలూ ఉన్నాయి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ కోటాలో పోటీ పడొచ్చు. మూడు గంటల జేఈఈ మెయిన్‌కు మరో గంట అదనంగా ఇస్తారు. జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డు ద్వారా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు ఇప్పుడే దరఖాస్తు చేయండి.

స్కూలువాళ్లు అన్న ‘అప్పటిదాకా’ దగ్గరే నా పేచీ. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు అభ్యసన సమస్యలను వీలైనంత త్వరగా పసిగట్టి, తగిన బోధన అందించేలా చూడాలని అదే చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. పదో తరగతి దాకా ఆగమని కాదు.

పైగా స్క్రైబ్‌తో రాయించడం కూడా ఒక విద్యే. ‘టూ ఎక్స్ హోల్ స్క్వేర్’ అనాల్సిన చోట పిల్లాడు ‘టూ ఎక్స్ స్క్వేర్’ అంటే, రాసేవాళ్లు స్క్వేర్‌ను ఎక్స్‌కే పెడతారు, రెండుకు పెట్టరు. లెక్క అక్కడే పోయింది. బ్రాకెట్ ఎక్కడ తెరవాలో, పేరా ఎక్కడ మార్చాలో, బొమ్మలో ఏ గీత ఎటు వెళ్లాలో నోటితో చెప్పడం రెండేళ్లు అలవాటైతే తప్ప రాదు. అందుకే ఈ ఏడాది ఎఫ్ఏలు, ఎస్ఏల నుంచే అడగండి. ఒక మాట, అందరికీ స్క్రైబ్ అక్కర్లేదు. ప్రశ్న చదివి వినిపించే మనిషి, కాస్త అదనపు సమయం ఉంటే సొంతంగా రాసుకునేవాళ్లూ ఉన్నారు. మీవాడికి ఏది కుదురుతుందో ఈ చిన్న పరీక్షల్లోనే తెలిసిపోతుంది.

ఇక క్లాసులో. బోర్డు మీద ఉన్నది మొత్తం ఎక్కించుకోమనొద్దనండి. టీచరు నోట్సు జిరాక్స్ ఇస్తే చాలు, ఆ సమయంలో వాడు పాఠం వింటాడు. అందరి ముందూ లేపి గట్టిగా చదివించడం మాన్పించండి. దానివల్ల చదువు రాదు, సిగ్గు మాత్రం వస్తుంది. సైన్స్, సోషల్ జవాబుల్లో విషయం సరిగా ఉంటే స్పెల్లింగ్‌కు మార్కులు కోయొద్దని రాతపూర్వకంగా అడగండి. తెలుగు పీరియడ్‌నూ తేలిగ్గా తీసుకోకండి. ప, ష, ఫ మధ్య తేడా ఒక చిన్న గీతే. ‘విద్యార్థి’ అనే ఒక్క మాటలోనే రెండు వత్తులు! అచ్చు పెద్దగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న కాగితం ఇస్తే ఊపిరి పీల్చుకుంటాడు.

వాడి తల మీద ఇప్పుడు తెలుగు, ఇంగ్లిష్, హిందీ అని మూడు లిపులున్నాయి. రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని 17వ సెక్షన్‌లోనే ఉంది. హిందీ వదిలించడానికి నేను వెనకాడను. ఇంగ్లిష్ మాత్రం ఉంచండి. రేపు వాడి మనసు మెడిసిన్ వైపు మళ్లితే ఇంటర్‌లో ఇంగ్లిష్ అడుగుతారు, ఇంజినీరింగ్ పుస్తకాలు ఎక్కువగా అందులోనే.

‘చదవడం తక్కువుండే కోర్సు’ అని వెతుకుతూ వాడి ఇష్టాన్ని పక్కన పెట్టకండి. అలాగని ఇప్పుడే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షల కోచింగ్ మొదలుపెట్టే ఫౌండేషన్ బ్యాచ్‌లో చేర్చొద్దు. రోజుకు మూడు గంటలు అదనంగా రాయించే చోట, వాడు దేనికి భయపడుతున్నాడో అదే పెరుగుతుంది.

ఈ వారమే డాక్టరు రిపోర్టు జతచేసి హెడ్‌మాస్టర్‌కు ఉత్తరం ఇవ్వండి. ఒక కాపీ మీద స్టాంపు వేయించుకుని దాచండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) స్కూలు నుంచి వెళ్లేటప్పుడు అందులో మీ బాబు వివరం సరిగా పడిందో లేదో మీరే స్వయంగా వెళ్లి చూసుకోండి. ఆ సమయానికి ఈ కాపీ చేతిలో ఉండాలి.