ఎయిర్‌బ్యాగ్ లైటు వస్తూ పోతూ ఉంటే ముందు ఏం చూడాలి?

మీది 2013 మోడల్ సెకండ్ హ్యాండ్ కారు. ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకరోజు వెలుగుతుంది, మళ్లీ రెండు మూడు రోజులు కనబడదు. మిర్యాలగూడలో మెకానిక్ "బల్బు పీకేస్తే గొడవే ఉండదు" అన్నాడు. పీకించాలా వద్దా అని అడిగారు.

పీకించకండి. ఆ లైటు వెలుగుతున్నంతసేపు యాక్సిడెంట్ అయినా బ్యాగు తెరుచుకోకపోవచ్చు. బల్బు తీసేస్తే ఆ సంగతి తెలిసే దారి కూడా పోతుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద లారీల మధ్య తిరిగే బండికి అలాంటి పని చేయించడం నాకైతే నచ్చదు.

మాది మహబూబ్‌నగర్. నా పాత కారులో కూడా ఇదే తంతు నడిచింది. ఒక సర్వీస్ సెంటర్‌లో మాడ్యూల్ (ఎయిర్‌బ్యాగులను నడిపే కంట్రోల్ పెట్టె) మొత్తం మార్చాలన్నారు, బయట మెకానిక్ బ్యాటరీ అన్నాడు. ఎవరికీ ఊ అనకుండా లైటు ఎప్పుడెప్పుడు వస్తోందో కొన్నాళ్లు గమనించాను. మా తమ్ముడు బండి తీసుకెళ్లి తెచ్చాకే వస్తోంది! వాడు నాకంటే పొడుగు. ఎక్కగానే సీటు వెనక్కి జరుపుకుంటాడు, నేను మళ్లీ ముందుకు లాక్కుంటాను. తేడా అంతవరకే.

టార్చి వేసి డ్రైవర్ సీటు కింద చూస్తే పల్లీ పొట్టు, ఎప్పుడో పోయిందనుకున్న పెన్ను, వాటి వెనక పసుపు రంగు కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లగ్గు. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు విరిగి వైర్ల కట్ట కిందికి వేలాడుతోంది. సీటు జరిపినప్పుడల్లా వైర్లు బిగుసుకుని, కప్లర్‌లో ఒక పిన్ను వెనక్కి జారుతోంది. ఎలక్ట్రీషియన్ పిన్ను సరిచేసి, కట్టను కేబుల్ టైతో సీటు ఫ్రేముకు బిగించి, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో అందులో నమోదైన తప్పు నంబరును (కోడ్) తీసేశాడు. మాడ్యూల్ మార్చే పనే పడలేదు.

మీరూ టార్చితో చూడండి కానీ చెయ్యి పెట్టొద్దు. పసుపు కప్లర్ అంటే చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ వైరింగే. వైర్లు చెక్ చేసే మల్టీమీటర్ నుంచి వచ్చే కాస్త కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీశాక కూడా లోపల కాసేపు ఛార్జ్ నిలిచి ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాడి చేతే పని చేయించండి.

అందరి బండ్లలో తప్పు సీటు కిందే ఉండదు. స్టీరింగ్ తిప్పినప్పుడు లైటు వస్తూ, హారన్ గానీ స్టీరింగ్ మీది బటన్లు గానీ అప్పుడప్పుడు మొరాయిస్తుంటే అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీదికి పోతుంది. స్టీరింగ్ వెనక చుట్టలా ఉండే రిబ్బన్ కేబుల్ అది, పాత బండ్లలో అరిగి తెగుతుంది. కొత్తది వేసేటప్పుడు చక్రాలు నేరుగా ఉంచి, స్ప్రింగ్‌ను మధ్యలోకి సెట్ చేసి బిగించాలి. లేకపోతే ఒక పక్కకు పూర్తిగా తిప్పగానే అదీ తెగుతుంది. పొద్దున సెల్ఫ్ బరువుగా తిరిగిన రోజే వస్తోందంటే బ్యాటరీ, టెర్మినళ్లు చూపించండి. సీట్ కవర్లు వేయించాకో, లోపల షాంపూ వాష్ చేయించాకో మొదలైందా? అయితే కప్లర్ వదులైందో, తడిసిందో. వడ్ల బస్తాల దగ్గర పార్క్ చేస్తారా? ఎలుకలను మరిచిపోవద్దు.

ఏం చేయించినా ముందు స్కానర్ పెట్టించి కోడ్ రాసుకోండి. లైటు ఆరిపోయి ఉన్నా కోడ్ సాధారణంగా మెమరీలో మిగులుతుంది. "క్లియర్ చేశాను, పోయింది సార్" అని కోడ్ చెప్పకుండా డబ్బులు అడిగితే ఒప్పుకోకండి. ఫోన్‌కు కలిపే చవక రీడర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదివే స్కానర్ ఉందా అని అడిగి వెళ్లండి.

ఇంకో మాట. మన దగ్గర కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలైలో. 2013 నాటి బండిలో ఎన్ని బ్యాగులుంటాయన్నది వేరియంట్‌ను బట్టి ఉంటుంది, ముందు అది తెలుసుకోండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఆ సమయంలో అసలు వెలగకపోతే పాత ఓనర్ ఎప్పుడో ఏదో చేయించి ఉండొచ్చు. అప్పుడు బ్యాగులు లోపల ఉన్నాయో లేదో కూడా చూపించుకోవాల్సిందే.

కోడ్ నంబరు, లైటు ఎప్పుడొస్తోందో చెప్పండి. ఏ వైరు మీద అనుమానపడాలో చూద్దాం.