సెన్సర్ల లెక్కలు కలిసిపోతున్నాయి, రెండో రిసీవర్ పెట్టొచ్చా?

ప్రశ్న: ఎనిమిది ఎకరాల చీనీ తోట, పక్కనే నాలుగెకరాల వేరుశనగ చేను ఉన్నాయి. మా అబ్బాయి పది వైర్‌లెస్ సెన్సర్లు తెప్పించాడు: నేల తేమకు ఆరు, వేడికి, గాలిలో తేమకు కలిపి మూడు, వానకు ఒకటి. దూరంగా ఉన్నవాటిని ఇంట్లోని రిసీవర్ అందుకోవడం లేదు. ఒకే చోట కాసేపు 34, కాసేపు 27 డిగ్రీలు చూపిస్తోంది. బోరు షెడ్డులో ఇంకో రిసీవర్ పెడితే ఒకదానికొకటి అడ్డం వస్తాయా?
– ఒక రైతు, నార్పల మండలం, అనంతపురం జిల్లా

జవాబు: అడ్డం రావు. ఇలాంటి సెన్సర్లు చాలావరకు రేడియో స్టేషన్ లాంటివి. నిమిషానికి అటూ ఇటూగా తమ లెక్క గాల్లోకి వదులుతాయి, అంతే. దాన్ని ఎన్ని రిసీవర్లయినా వినొచ్చు. అయితే రెండోది కూడా అదే కంపెనీది, అదే ఫ్రీక్వెన్సీది కావాలి. 433 మెగాహెర్ట్జ్ సెన్సర్ మాట 868 రిసీవర్‌కు వినపడదు.

కానీ డబ్బు పెట్టే ముందు ఆ 34, 27 సంగతి తేల్చండి. రెండు సెన్సర్లకు ఒకే ఛానెల్ నంబరు (రిసీవర్ సెన్సర్‌ను గుర్తుపట్టే అంకె) ఉన్నట్టుంది. బహుశా రేకుల కింద ఉన్నదీ, చెట్టు నీడలో ఉన్నదీ వంతులవారీగా ఒకే గడిలో కనిపిస్తున్నాయి. ఈ లెక్క నమ్మి నీళ్లు పెడితే చెట్టుకు నష్టం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. సెన్సర్లన్నీ ఇంటి అరుగు మీదికి తెచ్చి బ్యాటరీలు తీసేయండి. చాలా రకాల్లో బ్యాటరీ గడి పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది. దాంతో ఒక్కోదానికి ఒక్కో నంబరు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి బ్యాటరీ వేసి, రిసీవర్‌లో కనిపించాకే రెండోది ముట్టుకోండి. సెన్సర్ వీపు మీద గోళ్లరంగుతో ఆ నంబరు రాయండి, ఏ చెట్టు దగ్గర పెట్టారో నోటుబుక్కులో రాసుకోండి. కొన్ని రకాలకు బ్యాటరీ మార్చినప్పుడల్లా లోపలి గుర్తు మారిపోతుంది. అప్పుడు ఆ పుస్తకమే దిక్కు.

రిసీవర్లు కొన్ని ఒక్కో రకంలో మూడు సెన్సర్లనే, కొన్ని ఎనిమిదింటిని తీసుకుంటాయి. మీది తక్కువ రకమైతే ఇంటి వైపువి ఇంటికి, తోట చివరివి షెడ్డుకు పంచండి. వాన సెన్సర్‌ను రెండూ విన్నా ఫరవాలేదు, రెండు అంకెలు మాత్రం కూడకండి, ఉన్న వాన రెట్టింపయి కనిపిస్తుంది.

సిగ్నల్ అందే దూరమని డబ్బా మీద రాసే 100 మీటర్లు అడ్డేమీ లేని బయలుకు. తడిసిన చీనీ ఆకులు, మట్టిగోడ, ముఖ్యంగా ఇనుప రేకులు సిగ్నల్‌ను తినేస్తాయి. షెడ్డులో రిసీవర్‌ను కిటికీ దగ్గర, మోటారు స్టార్టర్‌కు దూరంగా పెట్టండి. వేడి కొలిచే సెన్సర్‌ను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున, గాలి ఆడే నీడలో కట్టండి. నేల తేమ సెన్సర్‌ను డ్రిప్పర్ కిందే గుచ్చితే ఎప్పుడూ తడే చూపిస్తుంది, కొంచెం పక్కకు జరపండి. ఎర్రనేలకు, నల్లనేలకు అంకె ఒకేలా ఉండదు. బాగా నీళ్లు పెట్టిన మర్నాడు వచ్చిన అంకెను ఆ చోటికి పైహద్దుగా రాసుకుని, వేళ్ల దగ్గరి మట్టి పిడికిలి పట్టి చూసి సరిపోల్చుకోండి.

ఇంకో మాట. వ్యవసాయ కరెంటు రోజుకు తొమ్మిది గంటలే కదా, మిగతా పొద్దు షెడ్డు రిసీవర్ ఆగిపోతుంది. పవర్ బ్యాంకో, చిన్న సోలార్ పలకా, బ్యాటరీయో ముందే చూసుకోండి. అక్కడ వైఫై లేకుంటే సిమ్ వేసే చిన్న రూటర్ చాలు. రెండు రిసీవర్లనూ ఒకే ఖాతాలో చేర్చుకోనిచ్చే యాప్ అయితే అన్నీ ఫోన్‌లోనే కనిపిస్తాయి.