ఊక తడిస్తే కాలికి పుండు: కోళ్ల పెంపకంపై పాఠకుల ప్రశ్నలు

మా షెడ్డు 20 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. ఈ వానాకాలం 1,300 బ్రాయిలర్ పిల్లలు వేశాం. నాలుగో వారానికి అరికాళ్లలో నల్లటి పుండ్లు లేచాయి, షెడ్డులో ఘాటు. ఏ మందు వాడాలి? (పాఠకుడు, పర్లాకిమిడి)

ఇది మందుతో పోయేది కాదు. నేల మీద పరిచిన ఊక తడిస్తే రెట్ట అందులో కుళ్లి అమ్మోనియా అనే ఘాటు వాయువు అవుతుంది. తడికి మెత్తబడిన అరికాలి చర్మాన్ని అది తినేస్తుంది. నొప్పికి కోడి నడవడం మాని కూర్చుంటుంది, రొమ్ము మీదా బొబ్బలు లేస్తాయి.

ముందు కోళ్ల లెక్క సరిచేయాలి. ఫ్యాన్లు లేని షెడ్డులో రెండు కిలోల కోడికి కనీసం ఒక చదరపు అడుగు కావాలి. మీ షెడ్డుకు 1,000 దాటకూడదు, ఏప్రిల్, మే నెలల్లో 800 చాలు. ఇప్పుడున్నవాటిలో బరువు తూగినవాటిని ముందుగా అమ్మి చోటు చేయండి.

గుప్పెడు ఊక పిడికిట బిగించి వదలండి. ముద్దగానే ఉండిపోతే తడి ఎక్కువ. కాస్త అంటుకుని విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. కోడి ఎత్తుకు వంగి కూర్చుని చూడండి. మీ కళ్లు మండితే వాటికి రాత్రింబవళ్లూ అదే మంట. గడ్డకట్టిన ఊకను ఎత్తి పారేసి పొడి ఊక రెండు అంగుళాలు పోయండి, మిగతాది రోజూ ఉదయం తిరగెయ్యండి. తడి ఎక్కువగా డ్రింకర్ల (నీళ్లు తాగే తొట్ల) దగ్గరే మొదలవుతుంది. వాటి అంచు కోడి వీపు ఎత్తుకు రావాలి, కోళ్లు పెరిగేకొద్దీ పైకి లాగుతుండాలి.

కోళ్లు లోపల ఉండగా తడి ఊక మీద సున్నం చల్లకండి. క్షారం పెరిగి అమ్మోనియా ఇంకా ఎక్కువగా లేస్తుంది. సున్నం ఖాళీ షెడ్డు నేలకే.

వాన రాగానే పరదాలు పూర్తిగా మూసేయడం మరో పొరపాటు. పరదా కింది నుంచి పైకి లేచేలా కట్టి, పైన అడుగు ఖాళీ ఎప్పుడూ వదలండి. వేడిగాలీ ఘాటూ పోయే దారి అదే.

రాత్రంతా లైటు వేస్తే మేత ఎక్కువ తిని త్వరగా పెరుగుతాయంటారు. నిజమేనా? (పాఠకురాలు, కాశీనగర్)

తింటాయి, కానీ ఎముకలు, గుండె ఆ కండ వేగాన్ని అందుకోలేవు. కుంటడం, పొట్టలో నీరు చేరడం, నిలబడ్డ కోడి ఉన్నట్టుండి పడి చనిపోవడం ఇందువల్లే ఎక్కువవుతాయి. తొలి వారంలో రాత్రి ఒక గంట చీకటితో మొదలుపెట్టి, రెండో వారం నుంచి మెల్లగా వరసగా ఆరు గంటలకు పెంచండి. కొద్ది రోజులు బరువు వెనకబడినా తర్వాత చాలావరకు అందుకుంటాయి. చీకటి ఎరగని పిల్లలైతే కరెంటు పోగానే బెదిరి మూలకు గుమిగూడి, ఊపిరాడక చస్తాయి. చీకటి అలవాటు చేయడానికి మన పల్లెల్లో ఈ ఒక్క కారణం చాలు.

బ్రాయిలర్ మాని మాంసానికి వనరాజా పెంచవచ్చా? (పాఠకుడు, రాయగడ)

పెంచవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన జాతి ఇది. ఆరు వారాలకు రెండు కిలోలు ఆశించకండి, మూడు నెలలు పైనే పడుతుంది. మొదటి ఆరు వారాలు లోపలే ఉంచండి. తొలి వారం 35 డిగ్రీల వేడి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు. బయట తిరిగేటప్పుడు గద్ద, ముంగిస బెడద ఉంటుంది. చుట్టూ పొదలో, దాక్కునే పందిరో ఉండాలి. కొక్కెర తెగులు టీకా మాత్రం మానవద్దు.

గుణుపురం సంతకు కోళ్లను కాళ్లు కట్టి సైకిలుకు తలకిందులుగా వేలాడదీస్తారు. తప్పా? (పాఠకుడు, గుణుపురం)

తప్పే. మనకున్నట్టు ఊపిరితిత్తుల కింద విభాజక పొర కోడికి లేదు. తలకిందులు చేస్తే పేగులు, కాలేయం గాలి సంచుల మీద పడి ఊపిరి బరువవుతుంది. రెక్కలు కొట్టుకుని కీళ్లు తప్పుతాయి, మాంసం కమిలి ధర తగ్గుతుంది. జంతువులకు అనవసరమైన బాధ కలిగేలా తీసుకెళ్లడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా. గాలి ఆడే గంపలోనో ప్లాస్టిక్ క్రేటులోనో, అన్నీ ఒకేసారి కూర్చోగలిగేటన్ని మాత్రమే పెట్టండి. రాత్రి మసక వెలుతురులో, రెండు చేతులతో రెక్కలు ఒంటికి అదిమి పట్టుకోండి. కోతకు 8 నుంచి 12 గంటల ముందు మేత ఆపండి, నీళ్లు మాత్రం పట్టేదాకా ఉంచండి.