రవి ఎక్కిన రైలు అప్పటికింకా రాలేదు

చిరంజీవికి,

నీ కథ అందింది. పన్నెండు పేజీలూ చదివాను. ఎనిమిదో పేజీ దగ్గర కోపమొచ్చి పక్కన పడేసి, భోజనం అయ్యాక మళ్లీ తీసి మొదటినుంచీ చదివాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. ఇక కథ సంగతి.

నీ రవి 2018లో సంక్రాంతి సెలవులు అయ్యాక హైదరాబాద్ మియాపూర్‌లో మెట్రో ఎక్కాడు. అమీర్‌పేటలో దిగి, మళ్లీ టోకెన్ కొనుక్కుని, రాయదుర్గం రైలెక్కాడు. ఆ రైల్లో అమ్మాయి కనిపించింది. కథంతా ఆ రైలు మీదే ఆధారపడింది. అమ్మా, 2018 జనవరిలో అమీర్‌పేట నుంచి రాయదుర్గం వైపు రైలే లేదు. హైటెక్ సిటీ దాకా రైలు నడిచింది 2019 మార్చి 20 నుంచి. రాయదుర్గం దాకా అంటే అదే ఏడు నవంబరు 29. రవి ఏ రైల్లో ప్రేమలో పడ్డాడో ఆ రైలు రావడానికి ఇంకా రెండేళ్లకి కాస్త తక్కువ టైముంది.

"కథే కదా, తేదీ మార్చేస్తే పోతుంది" అంటావని తెలుసు. పోదు. నీ కథలో జనం ఇంకా సెల్ఫీలు దిగుతున్నారు, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని ఊరికే చివరిదాకా వెళ్లి తిరిగొస్తున్నారు. అది మెట్రో కొత్తలో ఉన్న సంబరం, నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. రాయదుర్గం రైలు వచ్చేనాటికి ఆ సంబరం అయిపోయింది. అప్పటికి అందరూ ల్యాప్‌టాప్ సంచి ముందుకి తిప్పుకుని, నిలబడ్డానికి జానెడు చోటు దొరికితే చాలనుకుంటున్నారు. తేదీ మారిస్తే మనుషులు కూడా మారిపోతారు. కథ మళ్లీ మొదటినుంచీ రాయాలి.

ఇక ఆ టోకెన్. అమీర్‌పేటలో రైలు మారేవాడు టోకెన్ కొనడు. గేటు దాటి బయటికే రాడు. ఒక లైను మీదుగా ఇంకో లైను పోతుంది కాబట్టి మెట్లో ఎస్కలేటరో ఎక్కి దిగి రెండో ప్లాట్‌ఫాం మీదికి వెళ్తాడు, అంతే. మియాపూర్‌లో కొన్న టోకెనే రెండో లైను చివరనున్న నాగోలులో గేటు తెరుస్తుంది. రైలు మారే స్టేషన్ అంటే అర్థమే అది. అక్కడ దిగిన వాళ్లలో చాలామందికి అమీర్‌పేటతో పనే లేదు. నువ్వు రవిని గేటు దాటించి, లైన్లో నిలబెట్టి, చిల్లర వెతికించి, ఒక పేరా ఖర్చు పెట్టావు. ఆ పేరా చదువుతుంటే నాకు తెలిసిపోయింది, రవితో పాటు నువ్వు ఆ మెట్లు ఎక్కలేదని.

నాకిది పిచ్చి అనుకో, పట్టింపు అనుకో. కథలో స్టేషన్‌ని నాటకాల కంపెనీ వాళ్లు వెనక కట్టే తెరలాగా వాడతారు మన వాళ్లు. రాజదర్బారు అయిపోతే తెర చుట్టేసి అడవి దించుతారు. ఒకప్పుడు పల్లెటూరి రైల్వే స్టేషన్ తెర, దాని మీద రావిచెట్టు. ఇప్పుడు మెట్రో తెర, దాని మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులు. మహానగరం మనిషిని మింగేసింది, జనంలో ఒంటరితనం, యంత్రాల్లాంటి ముఖాలు! ఈ మాటలు చదివీ చదివీ నాకు వాంతికొచ్చేలా ఉంది. కథల పోటీలకి ఏటా ఇలాంటివి బస్తాలు బస్తాలు వస్తాయి, వాటికే బహుమతులూ వస్తాయి. నీ మూడో పేజీలో కూడా ఉన్నాయి. కొట్టేశాను.

అమీర్‌పేట తెర కాదు. దానికో వయసుంది. ఏ నెలలో చూస్తే ఆ నెలలో ఒకలాగుంటుంది. రైలొచ్చాక అది జంక్షన్ అయిందనుకుంటున్నావు నువ్వు. బస్సులు మారే చోటుగా అది ఎప్పటినుంచో ఉంది. కూకట్‌పల్లి నుంచి వచ్చే బొంబాయి రోడ్డు ఒకవైపు, పంజాగుట్ట మీదుగా ఊళ్లోకి దారి ఇంకోవైపు, బేగంపేట మీదుగా సికింద్రాబాద్, యూసుఫ్‌గూడ మీదుగా జూబ్లీహిల్స్. మైత్రీవనం ముందు బస్సు దిగి ఇంకో బస్సు కోసం మెడలు చాచి చూసే జనం లేకపోతే రెండు మెట్రో లైన్లు అక్కడే ఎందుకు కలుస్తాయి?

ఆ జనంలో నేనూ ఉన్నాను. 1999లో ఆ చుట్టుపక్కల ఒక జిరాక్స్, డీటీపీ షాపులో కూర్చుని కోచింగ్ సెంటర్ల నోట్సు టైపు చేసేవాణ్ని. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్, తర్వాత జావా. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గుంటూరు నుంచీ వరంగల్ నుంచీ వచ్చిన కుర్రాళ్లు హాస్టల్ గదికి ఆరుగురు చొప్పున ఉంటూ, ఆ నోట్సు కొనుక్కుని, నిలబడే చదివేసేవాళ్లు. పేజీకి ఇంత అని నా కూలి. రాత్రి షట్టరు దించాక అదే కంప్యూటర్ మీద నా కథలు కొట్టుకునేవాణ్ని. కరెంటు ఖర్చు ఎవరు కడతారని ఓనరు ఒకసారి అడిగాడు. ఆ నెల నుంచి కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే అలవాటు.

ఆ రోజుల్లోనే ఒక కథ రాశాను. అందులో మనిషి 10హెచ్ బస్సెక్కి కొండాపూర్ వైపు వెళ్తాడు. అచ్చులో చూసుకుంటే 'ఒక బస్సు' అని ఉంది. ఆఫీసుకి వెళ్లి సంపాదకుణ్ని అడిగాను. "పాఠకుడికి నంబరెందుకండీ, చదవడానికి అడ్డం కదా" అన్నాడు. ఆయన పేరు చెప్పను, పోయాడు పాపం. కానీ ఆ బస్సు నంబరు తీసేయడంతో నా మనిషికి ఊరు లేకుండా పోయింది. ఆ నంబరు చదవగానే సికింద్రాబాద్‌లో ఒకావిడకి కిటికీ పక్క సీటు గుర్తొచ్చేది. ఒక బస్సు అంటే ఎవరికి ఏం గుర్తొస్తుంది?

నేనూ తప్పు చేశాను, అదీ చెప్తాను. నా రెండో కథలో సింగిల్ లైను మీదున్న ఒక చిన్న స్టేషన్లో రెండు బళ్లు ఎదురెదురుగా వచ్చి, పక్కపక్కనే ఆగకుండా వెళ్లిపోతాయి. రైల్వేలో పట్టాలు మార్చే పని చేసిన ఒక రిటైర్డ్ పాయింట్స్‌మన్ పోస్టుకార్డు రాశాడు. "అయ్యా, ఒక బండి లూప్ లైన్లో ఆగితేనే రెండోది దాటుతుంది. మీ కథలో ఆ బళ్లు గుద్దుకున్నాయి. ప్రయాణికులు క్షేమమని ఆశిస్తాను." ఎన్ని విమర్శలు వచ్చినా ఇంత సిగ్గు పడలేదు. ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది.

ఇప్పుడు చెప్పు, 2018 జనవరిలో అమీర్‌పేట స్టేషన్ నిజంగా ఎలా ఉండేది? 2017 నవంబరు 28న ప్రధాని ప్రారంభిస్తే మర్నాడు జనం ఎక్కారు. తెరిచింది 30 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా 13, అమీర్‌పేట నుంచి నాగోలు దాకా 17. అంటే మియాపూర్ నుంచి వచ్చే ఎర్ర లైను బండి అమీర్‌పేటలో ఆగిపోతుంది. పంజాగుట్ట, ఖైరతాబాద్, కోఠి వైపు స్తంభాలున్నాయి, రైలు లేదు. ఎల్బీనగర్ దాకా మిగిలిన 16 కిలోమీటర్లు 2018 సెప్టెంబరు 24న తెరిచారు. ఆ పది నెలలూ ఎర్ర లైను బండిలో ఉన్న ప్రతి మనిషీ అక్కడ దిగాల్సిందే. సికింద్రాబాద్, ఉప్పల్ వాళ్లు రెండో ప్లాట్‌ఫాం మీదికి పోతారు. మిగతావాళ్లంతా గేటు దాటి, మెట్లు దిగి, మళ్లీ ఆ పాత మైత్రీవనం బస్టాపులోనే నిలబడతారు. ఏసీ రైల్లో పావుగంటో ఇరవై నిమిషాలో వచ్చి, మాదాపూర్ వెళ్లడానికి బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడతారు. నీ రవి కూడా వాళ్లలో ఒకడు. పైన మెరిసిపోయే స్టేషన్, కింద అదే పొగ. ఆ పది నెలల మీద ఎవరైనా కథ రాశారా? నేను చదవలేదు.

తర్వాత 2019 మార్చిలో హైటెక్ సిటీ వైపు ఇంకో 10 కిలోమీటర్లు. చూశావా, నాలుగు చేతులూ అమీర్‌పేట నుంచే మొలిచాయి. ఒక్క పచ్చ లైను, జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండు దాకా, 2020 ఫిబ్రవరిలో వచ్చింది, దాన్ని మాత్రం తాకదు. అది ఎర్ర లైనుని ఎంజీబీఎస్‌లో, నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే నీలం లైనుని పరేడ్ గ్రౌండ్ దగ్గర కలుస్తుంది. మొత్తం 69 కిలోమీటర్లు. తర్వాత కరోనా. 2020 మార్చిలో ఆగిపోయి, సెప్టెంబరు 7న మళ్లీ మొదలైంది, కానీ ఆ రోజు ఎర్ర లైను ఒక్కటే. నీలం లైను మర్నాడు. ఆ ఒక్కరోజు అమీర్‌పేటలో మారదామంటే రెండో రైలు లేదు. నీకు కావాలంటే ఈ రోజు తీసుకో. నేను రాద్దామనుకున్నాను, బద్ధకం.

తొమ్మిదో పేజీ గురించి రాయక తప్పదు. వాన పడుతుంటే రవీ ఆ అమ్మాయీ స్టేషన్ కింద స్తంభం పక్కకి పరిగెత్తి, తడిసిన జుట్టు తుడుచుకుంటూ నవ్వుకున్నారు. 2019 సెప్టెంబరు 22న, ఆదివారం, సరిగ్గా అలాగే వాన పడింది. సరిగ్గా అలాగే ఒక యువతి అదే అమీర్‌పేట స్టేషన్ కింద నిలబడింది. పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడి తల మీద పడి ప్రాణం పోయింది. ఈ ఊళ్లో ఆ వార్త గుర్తున్నవాళ్లు నీ తొమ్మిదో పేజీ దగ్గర నవ్వలేరు. నువ్వు కావాలని రాయలేదు, నీకు తెలియదు. తెలుసుకున్నాక కూడా ఆ వాన ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. నేనైతే తీసేస్తాను.

ఇంత తిట్టి కూడా ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నాలుగో పేజీలో నాలుగు లైన్ల వల్ల. ఆ అమ్మాయి తల్లి కల్వకుర్తి నుంచి జొన్నపిండి సంచీ పట్టుకుని వస్తుంది. ఎంజీబీఎస్‌లో దిగి, సిటీ బస్సులో అమీర్‌పేట వచ్చి, అక్కడ మెట్రో ఎక్కి కేపీహెచ్‌బీలో కూతురి హాస్టల్‌కి వెళ్తుంది. ఎస్కలేటర్ ముందు ఆగి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, అప్పుడు కాలు పెడుతుంది. పైకి చేరాక మళ్లీ తొడుక్కుంటుంది. అంతే రాశావు.

గమనించావా, ఆ నాలుగు లైన్లలో ఒక్క తప్పు లేదు. 2018 జనవరిలో ఎంజీబీఎస్‌కి మెట్రో లేదు, కాబట్టి ఆమె సిటీ బస్సెక్కింది. అమీర్‌పేట నుంచి కేపీహెచ్‌బీకి రైలుంది, ఎక్కింది. రవి ప్రయాణం తప్పు, ఆమె ప్రయాణం ఒప్పు. రవి ఎక్కడినుంచి వచ్చాడో నాకు తెలుసు, వెబ్ సిరీస్‌ల నుంచి వచ్చాడు. ఆమెని మాత్రం నువ్వు చూశావు. బహుశా పక్కనే సంచీ పట్టుకుని నిలబడ్డావు. సిగ్గుపడి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశావు కూడా. అది రాయలేదు నువ్వు. అది రాయి.

ఆవిడ ఆ చెప్పులు ఎందుకు విడిచింది? జారిపోతాననా, గుళ్లోకి వెళ్తున్నట్టనిపించా, కొత్త నేల మాసిపోతుందనా? నువ్వు చెప్పలేదు, చెప్పకు. కానీ ఆ సంచీ బరువెంతో నాకు తెలియాలి. బస్సులో సీటు దొరికిందో లేదో తెలియాలి. అమీర్‌పేటలో బస్సు దిగాక స్టేషన్ మెట్లు ఎటువైపున్నాయో ఎవర్ని అడిగింది? స్కానింగ్ మిషన్‌లో జొన్నపిండి సంచీ పెడుతుంటే సెక్యూరిటీ అమ్మాయి ఏమంది? రవిని నాలుగు లైన్లకి కుదించి, ఈవిడకి పన్నెండు పేజీలివ్వు. రవి బస్టాపులో నిలబడి హైటెక్ సిటీ బస్సు కోసం చూస్తూ ఉంటాడు, ఉండనీ.

నువ్వు అడిగిన వాటిలో పత్రికలకి ఎలా పంపాలన్నది ఒకటి. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చెయ్యి, చెప్తాను. మాండలికంలో రాయాలా వద్దా అన్నావు. తల్లి ఏ భాషలో మాట్లాడిందో ఆ భాషలోనే మాట్లాడించు. ఇంకేవో రెండు ప్రశ్నలున్నాయి, నీ ఉత్తరం ఇక్కడే ఎక్కడో పెట్టాను, కనిపించడం లేదు.

ముందు ఒక పని చెయ్యి. ఒక ఆదివారం కల్వకుర్తి బస్సు వచ్చే వేళకి ఎంజీబీఎస్ వెళ్లి, రైలెక్కకుండా, ఐదు కిలోల సంచీ చేత్తో పట్టుకుని సిటీ బస్సులో అమీర్‌పేట దాకా రా. వచ్చాక మెట్లెక్కు, ఎస్కలేటర్ వద్దు. కొత్త కథ వచ్చే నెలలోపు పంపు. పేజీకి ఒకవైపే రాయి, వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడి నా కళ్లు లాగేస్తున్నాయి. నువ్వు పంపిన స్టాంపులు అంటించిన కవరులోనే ఇది పెడుతున్నాను. తక్కువపడి పోస్ట్‌మన్ డబ్బులడిగితే ఇచ్చెయ్యి, నేను తర్వాత ఇస్తాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య లాంటివాడు