సమాధానం: ఎక్కువమంది కోరిందే ఉపయోగితావాదమా?
చిత్తూరులో మీ వీధి నీళ్ల వేళ మారిస్తే 40 ఇళ్లకు సౌకర్యం, మిట్టమీది 6 ఇళ్లకు చుక్క రాదు. అందరి మేలూ బాధా కలిపి చూసి ఎక్కువ మేలు మిగిల్చే పనే సరైనదనే ఉపయోగితావాదం ప్రకారం 40 ఇళ్ల మాటే నెగ్గాలా అని అడిగారు. అలా కాదండీ, అది ఓట్ల లెక్క. ఈ వాదాన్ని వివరించిన ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1789లో చెప్పిన లెక్కలో బాధ ఎంత తీవ్రం, ఎంతకాలం, ఎంత ఖాయం అన్నవి కూడా వస్తాయి. ఇంటికి సౌకర్యం 1, బిందె నిండని బాధ 10 అనుకోండి: 40లోంచి 60 పోతే నష్టమే. మార్చకూడదు.

అయితే 70 ఇళ్లుంటే లెక్క తిరగబడుతుంది. ఈ సిద్ధాంతానికి అసలు చిక్కు ఇక్కడే, దీన్ని దాటేయకండి. పైగా ఆ 1, 10 మనం వేసుకున్న అంకెలే. అందుకే నియమ ఉపయోగితావాదులు ఒక్క పనిని కాక, 'ఎవరి తాగునీరూ ఆపరాదు' అనే నియమం వల్ల కలిగే మేలునే చూస్తారు. మూడో దారినీ లెక్కలో వేయండి: వాల్వ్ తిప్పి మిట్టకు ముందు అరగంట వదిలి చూడండి.