22 మ్యాచ్‌లు గెలిచినా అనుమానమేనా?

ప్రశ్న: మా మనవడు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాళ్ల విశ్వవిద్యాలయం పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో 31 మ్యాచ్‌లు ఆడి 22 గెలిచింది. అయినా మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటులో చోటు దక్కుతుందో లేదోనని వాడు బెంగ పెట్టుకున్నాడు. ఇన్ని గెలిచిన జట్టుకు ఈ గండమేమిటో వివరించగలరు.
– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బసవనగుడి, బెంగళూరు

జవాబు: మీ మనవడి బెంగ అకారణమైనది కాదండీ. అమెరికా కళాశాలల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై అంచె అయిన మొదటి డివిజన్‌లో 360కి పైగా జట్లున్నాయి. 2025 టోర్నమెంటునే చూస్తే, ఉన్న 68 చోట్లలో 31 ఆయా కాన్ఫరెన్సుల, అంటే మన వాడుకలో లీగుల, విజేతలకు నేరుగా వెళ్లిపోగా, మిగిలిన 37 చోట్లకే ఎంపిక సంఘం జట్లను ఏరింది.

ఆ ఏరడంలో ఎన్ని గెలిచారన్న దానికన్నా ఎవరి మీద, ఎక్కడ గెలిచారన్నదే ముఖ్యం. 2018-19 సీజన్ నుంచి ‘నెట్’ అనే ర్యాంకుల పట్టికను ఆధారం చేసుకుని ప్రతి మ్యాచ్‌నూ నాలుగు తరగతుల్లో ఒకదానిలో వేస్తున్నారు. 60వ ర్యాంకు జట్టును సొంత కోర్టులో ఓడిస్తే ఆ గెలుపు రెండో తరగతికి పోతుంది. అదే జట్టును దాని ఊరికి వెళ్లి ఓడించి వస్తే మొదటి తరగతిలో చేరుతుంది. ఎందుకంటే మొదటి తరగతి గెలుపు అనిపించుకోవడానికి సొంత కోర్టులో ప్రత్యర్థి తొలి 30 ర్యాంకుల్లో ఉండాలి, పరాయి కోర్టులో 75 వరకు ఉన్నా చాలు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మనవాళ్లు. ఇక్కడ రచ్చకే మార్కులెక్కువ. నవంబరు, డిసెంబరు నెలల్లో బలహీనమైన జట్లను ఇంటికి పిలిచి కూడబెట్టుకున్న గెలుపులే ఆ 22లో ఎక్కువగా ఉంటే సంఘం మనసు కరగడం కష్టం.

అయితే ఒక దారి ఉంది. మార్చి మొదటి పక్షంలో జరిగే కాన్ఫరెన్స్ టోర్నమెంటు గెలిచిన జట్టును ఈ లెక్కలేవీ అడగరు.

చోటు దక్కినంత మాత్రాన నిశ్చింత లేదనుకోండి. 2018లో 31 గెలిచి రెండే ఓడిన వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టు, ఒకటో సీడుగా (సీడు అంటే బలాన్ని బట్టి టోర్నమెంటులో ఇచ్చే వరుస సంఖ్య, ఒకటి అన్నిటికన్నా మేటి) దిగిన తొలి మ్యాచ్‌లోనే 16వ సీడు జట్టు చేతిలో 54-74 తేడాతో ఓడింది. 40 నిమిషాల్లో సీజనంతా ముగిసింది. అదే వర్జీనియా మరుసటి ఏడాది విజేతగా నిలిచింది.

జట్ల జాబితాను అక్కడ సాధారణంగా ఆదివారం సాయంత్రం ప్రకటిస్తారు. మీ బసవనగుడిలో అది సోమవారం తెల్లవారుజామున 3.30 గంటలవుతుంది. మనవడి ఫోను కోసం మెలకువగా ఉండాలంటే ముందురోజు మధ్యాహ్నమే ఓ కునుకు తీయండి.