థెరపీ మొదలుపెట్టండి, లోన్ మాత్రం వద్దు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 31, చేతికొచ్చే జీతం 62 వేలు, ఇంటి అద్దెతో కలిపి ఖర్చులు 44 వేలు. ఈమధ్యే సైకియాట్రిస్ట్ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, పనులూ తేదీలూ మర్చిపోయేలా చేసే సమస్య) అని తేల్చి, మందులతోపాటు థెరపీ కూడా తీసుకోమన్నారు. ఆయన చూసుకున్న చోట సెషన్‌కు 1,500, కానీ 24 సెషన్లకు 36 వేలు ముందే కట్టమంటున్నారట. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 48 వేల బాకీ ఉంది, నెలనెలా 2,400 మినిమమ్ డ్యూ కట్టి వదిలేస్తున్నారు. దాచుకున్నది ఏమీ లేదు. లోన్ యాప్‌లో తీసుకుని ప్యాకేజీ కట్టేయనా అని అడిగారు.

వద్దండీ. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో నెలకు 3,600 చొప్పున 12 కిస్తీలు, అంటే 43,200. దాని కిందే చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు 1,080, అది ముందే కోసుకుంటారు కాబట్టి చేతికి 36 వేలు కూడా పూర్తిగా రావు. పైగా కార్డు బాకీకి నెలకు మూడున్నర శాతం వేసుకున్నా వడ్డీ 1,680, ఒక సెషన్ ఫీజు కంటే ఎక్కువ, అది ప్రతి నెలా ఊరికే పోతోంది. దాని మీద ఇంకో అప్పా?

అసలు ఒక్కసారి కూడా ఎదురుగా కూర్చోకుండా 24 సెషన్లకు డబ్బు కట్టడమేంటి? పిల్లల ట్యూషన్‌కైనా, జిమ్‌కైనా అందరూ చేసే తప్పే ఇది. మూడో సెషన్‌కే ఈ థెరపిస్ట్‌తో కుదరదనిపించవచ్చు, అది మీ తప్పు కాదు, ఆయన తప్పూ కాదు. విడివిడిగా కట్టించుకునేవారినే చూడండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీ కేసులు చూశారా అని మొహమాటపడకుండా అడగండి. మీ ఆఫీసులో ఉచిత కౌన్సెలింగ్ ఉందేమో హెచ్‌ఆర్‌ను కనుక్కోండి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక నా అసలు బాధ మీ అత్యవసర నిధి. సున్నా! రేపు ఉద్యోగం పోతే ముందు ఆగేది థెరపీ, తర్వాత మందులు. మినిమమ్ డ్యూ పోను మీకు 15 వేలకు పైగానే మిగులుతోంది కదా. నెలకు రెండు సెషన్లకు 3 వేలు, నిధికి 4 వేలు, మిగతా 8 వేలు కార్డుకు, మినిమమ్ డ్యూకి అదనంగా. కార్డు మళ్లీ గీకకపోతే ఆరేడు నెలల్లో బాకీ తీరిపోతుంది, అప్పుడు ఆ డబ్బంతా నిధికి మళ్లించండి, మూడు నెలల ఖర్చు, అంటే 1,32,000 అయ్యేదాకా. నిధి వేరే బ్యాంకులో ఉండాలి, ఆ ఖాతాకు యూపీఐ, డెబిట్ కార్డు ఏవీ పెట్టుకోకండి. తేదీలు మర్చిపోయి లేట్ ఫీజులు కడుతున్నానని మీరే రాశారు, అందుకే ఇవన్నీ జీతం పడ్డ మర్నాడే ఆటో డెబిట్ అయ్యేలా ఈ వారమే పెట్టేయండి.

ఇన్సూరెన్స్ సంగతి: 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా కవర్ ఇవ్వాలి, కానీ చాలా పాలసీల్లో అది ఆస్పత్రిలో చేరితేనే. ఓపీడీ కవర్, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకు కవర్, లేకపోతే థెరపీ ఫీజు రాదు. సొంత పాలసీ తీసుకునేటప్పుడు ఏడీహెచ్‌డీ సంగతి దాచకండి, దాస్తే రేపు క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.

ఆ లోన్ యాప్‌లో అప్లికేషన్ సగం నింపి పెట్టానన్నారు. దాన్ని రద్దు చేసి, కాంటాక్టులు, ఫొటోలకు ఇచ్చిన అనుమతులు తీసేసి, ఆ తర్వాతే యాప్ తొలగించండి.